కాలు ఇస్తే సరిపోదు

2004లో హవాయి దీవుల్లోని కోనాలో శారా రైనర్ట్‌సెన్ ఐరన్‌మ్యాన్ ప్రపంచ పోటీకి దిగింది. సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ 17 గంటల్లో పూర్తి కావాలి. మధ్యలో సైకిలుకు విడిగా గడువుంటుంది. ఆమె పావుగంట ఆలస్యంగా చేరింది, పోటీ అక్కడితో ఆగిపోయింది. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి 15 గంటల 5 నిమిషాల్లో ముగించింది. కృత్రిమ కాలుతో ఆ పోటీ పూర్తిచేసిన తొలి మహిళ ఆమే.

పుట్టుకతో తొడ ఎముక సరిగా ఎదగక, ఏడో ఏట ఆమె ఎడమ కాలును మోకాలి పైదాకా తీసేశారు. ఆమె కథ చెప్పినప్పుడల్లా అందరూ "ఎంత ధైర్యం!" అంటారు. ధైర్యం 2004లోనూ ఉంది. చాలనిది సైకిలు మీద వేగం. మోకాలు లేనివాళ్లు పెడల్ తొక్కితే భారమంతా రెండో కాలి మీదే పడుతుంది. ఆ లోటు ఎక్కడుందో చూసుకుని, ఏడాదంతా సాధన చేసి దాన్ని పూడ్చుకుంది. ఈతకు కృత్రిమ కాలు తీసేయాలి, సైకిలుకు ఒకటి, పరుగుకు ఇంకొకటి తొడగాలి. మార్చుకునే ప్రతి నిమిషమూ గడియారంలో పడుతుంది.

పోటీల సంగతి అటుంచి, కృత్రిమ కాలుతో రోజు గడపడమే ఎంత సున్నితమైన పనో నేను మా మేనమామ దగ్గర చూశాను. ధర్మవరంలో పట్టుచీరల నేతగాడు. గుంట మగ్గంలో కాళ్లతో తొక్కే పనివాడికి షుగరు వల్ల మోకాలి కింద కాలు పోయింది. రాత్రి పడుకునే ముందు కృత్రిమ కాలు విప్పి, చెమట తుడిచి, చిన్న అద్దం కింద పెట్టి మొండి కాలి అడుగు చూసుకుంటాడు. ఎక్కడైనా ఎర్రగా కందితే మర్నాడు కాలు తొడగడు. "పుండు పడితే నెల రోజులు మంచమే అబ్బీ" అంటాడు. పొద్దున ఒక సాక్స్‌తో సరిపోయిన సాకెట్, అంటే మొండి కాలు దూరే తొడుగు, సాయంత్రానికి వదులవుతుంది, ఇంకో సాక్స్ వేసుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ మొండి కాలు సన్నబడుతుంది, అప్పుడు సాకెట్టే మార్చాలి.

మనం గుర్తించనిది ఇదే. ఉచిత శిబిరం పెట్టి కాలు పంచి ఫొటో దిగడంతో పని అయిపోయిందనుకుంటాం. అసలు పని ఆ మర్నాడు మొదలవుతుంది. 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ జైపూర్ కాలును తయారుచేసింది మనలాంటి వాళ్ల కోసమే. చెప్పుల్లేకుండా నడవాలి, గొంతుకూర్చోవాలి, పొలం గట్టు దాటాలి. ఆ కాలితోనే నర్తకి సుధాచంద్రన్ 'మయూరి' సినిమాలో నాట్యమాడితే తెలుగునాడంతా చప్పట్లు కొట్టింది. అయితే ఏ కాలైనా సాకెట్ కుదిరినంత వరకే పనిచేస్తుంది.

మన వాళ్లకు ఆటలు అందనివేమీ కావు. రోడ్డు ప్రమాదంలో కాలు కోల్పోయిన హైదరాబాదు ఆదిత్య మెహతా 2013 ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు గెలిచాడు. ఆ తర్వాత తనలాంటి వాళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థ పెట్టాడు. ఒక్కడి గెలుపు పదిమందికి దారి కావాలంటే శిక్షకుడు, సామాను, సరిచేసేవాళ్లు చేతికి అందేంత దగ్గర ఉండాలని ఆయనకు అనుభవంతో తెలుసు.

మా ప్రాంతం సంగతికి వస్తే, పెనుకొండ కొండ కింద నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఆ రోడ్డు మీద కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. షుగరుతో పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా సాకెట్ సరిచేసే నిపుణుడు కూర్చోవాలి. పట్టణానికొక ఈతకొలనులో, మైదానంలో వాళ్లకంటూ ఒక వేళ కేటాయించాలి. శారాకు కావలసి వచ్చింది పావుగంట. మన పిల్లలకు ముందు పోటీ మొదలయ్యే గీత దాకా వెళ్లే దారి కావాలి. దాన్ని వేయాల్సింది మనమే.