నెలకు 32 పేజీలు

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో చార్లెస్ డికెన్స్ రాతప్రతులతో పాటు ఆయన నవలలు రాసేటప్పుడు వేసుకున్న ప్రణాళికల కాగితాలు కూడా భద్రంగా ఉన్నాయి. నెలనెలా రాయబోయే భాగానికి ఒక కాగితం. దాన్ని రెండు సగాలు చేసుకునేవాడు. కుడివైపు ఆ నెల అధ్యాయాల పేర్లు, ఒక్కోదాంట్లో ఏం జరగాలో నాలుగు ముక్కలు. ఎడమవైపు తనలో తాను వేసుకున్న ప్రశ్నలు. ఫలానా ఆవిడ ఈ నెల రావాలా? రావాలి. ఫలానా ఆయన? ఇప్పుడే వద్దు, వచ్చే నెల చూద్దాం. ‘బ్లీక్ హౌస్’ కాగితాల్లో, వీధి దాటేచోట బురద ఊడ్చి పొట్టపోసుకునే జో అనే అనాథ కుర్రాడి పేరు పక్కన కూడా అలాంటి ప్రశ్న ఒకటుంది. ఈ నెలలో వాడి ప్రాణం తీసెయ్యాలని జవాబూ అక్కడే రాసి ఉంది.

జో చావు చదివి ఏడ్చినవాళ్లకు ఆ కాగితం కఠినంగా తోచవచ్చు. నాకు మాత్రం విక్టోరియా కాలపు సాహిత్యం గురించి అంతకంటే నిజం చెప్పే కాగితం మరొకటి కనబడలేదు. ఇంగ్లీషు సాహిత్యం ఎం.ఏ. చేసినవాళ్లందరికీ ఒక పరీక్ష ప్రశ్న తెలిసే ఉంటుంది: విక్టోరియా యుగ లక్షణాలు వివరించండి. వాస్తవిక చిత్రణ, సంఘం పట్ల బాధ్యత, నీతి మీద పట్టు, మతానికీ సైన్సుకూ మధ్య నలిగిన మనసు, నవల పెత్తనం. ఈ జాబితాలో అబద్ధమేమీ లేదు. 1837లో గద్దెనెక్కి 1901లో కన్నుమూసిన ఒక రాణి పేరు మీద ఇన్ని దశాబ్దాల రాతలను ఒకచోట చేర్చినప్పుడు ఇలాంటి జాబితా తప్పదు కూడా. అయితే ఆ లక్షణాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అది చెప్పదు. వారం వారం ఈ కాలమ్ రాస్తూ, గడువు తరుముతుంటే రాయడమంటే ఏమిటో అనుభవంలోకి వచ్చాక, నాకొక నమ్మకం కుదిరింది. ఆ నవలల గుణాలూ, మనం దోషాలనుకునేవీ చాలావరకు వాటిని తయారుచేసిన పద్ధతిలోంచి పుట్టాయి. ఆ పద్ధతి మనకు బాగా తెలిసిన సీరియల్.

అప్పట్లో కొత్త నవలంటే మూడు సంపుటాలు. వెల ముప్ఫై ఒకటిన్నర షిల్లింగులు. మధ్యతరగతి ఇల్లు కూడా కొనలేని ధర. కావాలంటే అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకోవాలి. 1842లో పుస్తకాలు అద్దెకివ్వడం మొదలుపెట్టిన చార్లెస్ మూడీ ఏడాదికి ఒక గినీ చందా తీసుకుని, ఒకసారికి ఒక సంపుటం చొప్పున ఇచ్చేవాడు. అంతకు ఆరేళ్ల ముందే, 1836 ఏప్రిల్‌లో, చాప్‌మన్ అండ్ హాల్ అనే ప్రచురణకర్తలు ‘పిక్‌విక్ పేపర్స్’ను నెలకొక షిల్లింగు భాగాలుగా తేవడం మొదలుపెట్టారు. అసలు ఆ పనిలో బొమ్మలే ముఖ్యం, రాత వాటికి తోడు. బొమ్మలు వేసే రాబర్ట్ సీమోర్ రెండో భాగం వెలువడకముందే ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి డికెన్స్‌కు 24 ఏళ్లు. ఇకనుంచి బొమ్మలు రెండు చాలు, రాత 32 పేజీలుండాలని పట్టుబట్టాడు. నాలుగో భాగంలో శామ్ వెల్లర్ అనే మాటకారి నౌకరు వచ్చాడు, అమ్మకాలు లేచాయి. వెయ్యి ప్రతులతో మొదలైన సీరియల్ ముగిసేనాటికి నెలకు నలభై వేల దరిదాపులకు చేరింది. ఆ 32 పేజీల కొలత డికెన్స్ విడి భాగాలుగా తెచ్చిన నెలవారీ నవలలకు స్థిరపడిపోయింది. చాలావాటికి మొత్తం ఇరవై భాగాలు, చివరి రెండూ కలిపి ఒకే నెలలో. ఇరవై షిల్లింగులంటే ఒక పౌను. ఆ పౌను ఒక్కసారిగా ఇచ్చుకోలేని మనిషి ఏడాదిన్నర పాటు నెలకొక షిల్లింగు పెట్టి నవలను సొంతం చేసుకున్నాడు.

చివరి భాగంతో పాటు ముఖపత్రం, ముందుమాట, విషయసూచిక వచ్చేవి. భాగాలన్నీ కలిపి బైండు చేయించుకోవడానికి. ఇది చదివినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేది. అట్టకు పాత క్యాలెండరు కాగితం. తరవాయి భాగం వెనకపేజీలో సగం తలనూనె ప్రకటన ఉండేది, దాన్నీ కథతో పాటే కుట్టేసేది. తెలుగునాట ఎన్ని ఇళ్లల్లో ఇలాంటి పుస్తకాలు చేతులు మారాయో. డికెన్స్ భాగాల్లోనూ ముందూ వెనకా ప్రకటనల కాగితాలే. బైండు చేయించేటప్పుడు చాలామంది వాటిని తీసి పారేశారు. అందుకే ప్రకటనలతో సహా మిగిలిన భాగాలంటే ఇప్పుడు పాత పుస్తకాలు సేకరించేవాళ్లకు అంత మోజు.

ఇక పాత్రల సంగతి. డికెన్స్ మనుషులు అతిగా ఉంటారనీ, ఒకే మాటను పట్టుకుని వేలాడతారనీ విమర్శకులు మొదటినుంచీ అంటున్నారు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో మికాబర్ ఎప్పుడు కనబడినా రేపోమాపో ఏదో కలిసొస్తుందనే అంటాడు. యురయా హీప్ తన అణకువ గురించి చెప్పుకోకుండా, చెమ్మగిల్లిన చేతులు నలుపుకోకుండా ఒక్క పేజీ గడవనివ్వడు. దీన్ని చదువరి వైపు నుంచి చూడాలి. నవలలో పదుల కొద్దీ పాత్రలు. కిందటి భాగం చదివి నెల దాటింది. మధ్యలో పనీపాటా, పిల్లల జ్వరాలు, అప్పులవాళ్లు. కూచిపూడి భాగవతంలో పాత్ర తెర దాటుతూనే ప్రవేశ దరువుతో తానెవరో ఎరుకపరిచినట్టు, ఈ పాత్రలు కూడా మొదటి మాటతోనే తామెవరో గుర్తు చేయాలి. పైగా చదువరులలో చాలామంది నిజానికి శ్రోతలు. డికెన్స్ స్నేహితుడు, జీవితచరిత్రకారుడు జాన్ ఫోర్‌స్టర్ ఒక పనిమనిషి సంగతి రాశాడు. ఆమెకు చదువు రాదు. నశ్యం దుకాణం పైన అద్దెకుండేది. ప్రతి నెలా మొదటి సోమవారం ఇంటాయన అద్దెకున్నవాళ్లందరినీ కూర్చోబెట్టి ‘డోంబీ అండ్ సన్’ కొత్త భాగం చదివి వినిపించేవాడు. టీ మాత్రం చందా ఇచ్చినవాళ్లకే, కథ అందరికీ. అదంతా ఒక్క మనిషి రాస్తున్నాడంటే ఆమె నమ్మలేకపోయిందట. ముగ్గురో నలుగురో కూడి రాస్తున్నారనుకుంది. వాస్తవికత అనే పెద్దమాట కన్నా ఆ గది నాకు ఎక్కువ సంగతులు చెబుతుంది.

నేనూ కొందరు మిత్రులూ కలిసి ‘బ్లీక్ హౌస్’ను అలాగే, అప్పటి భాగాల లెక్కన, నెలకొకటి చొప్పున చదివాం. 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా వచ్చిన నవల అది. మొదటి భాగం నాలుగు అధ్యాయాలు, రెండోది మూడు. ఒక్క ఊపున చదివేవాళ్లను విసిగించే కోర్టు పొగమంచు, పక్కదారులు పట్టే చిన్న చిన్న మనుషులు, నెలకొకసారి చదివేవాళ్లకు ఊరివాళ్లలా అలవాటైపోయారు. అందులోని స్కింపోల్ అనే పాత్ర అమాయకుడా దగాకోరా అని మాలో ఇద్దరికి నెలల తరబడి వాదం నడిచింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మిత్రుడు కథానాయిక ఎస్తర్ తల్లి ఎవరో ముందే పసిగట్టి, నోరు విప్పకుండా ఉండలేక నానా అవస్థ పడ్డాడు. నిడివి ఈ నవలల లోపమని ఇక నేననలేను. అది చదువరి జీవితంలో ఏడాదిన్నర కాలం. పాత్రలతో పాటు చదువరికీ వయసు పెరిగింది.

నవల సాగుతుండగానే చదువరి నోరు విప్పవచ్చు. నాకు ఈ సీరియల్ కళలో అన్నిటికంటే ప్రియమైన సంగతి ఇదే. ‘బ్లీక్ హౌస్’ పదో భాగం చివర క్రూక్ అనే తాగుబోతు పాతసామాన్ల వ్యాపారి ఒంట్లోంచి తనంతట తానే మంట పుట్టి కాలిపోతాడు. అది 1852 డిసెంబరు. జార్జ్ హెన్రీ లూయిస్ అనే విమర్శకుడు ఇది సైన్సుకు విరుద్ధమని వెంటనే పత్రికలో రాశాడు. డికెన్స్ పుస్తకం పూర్తయ్యేదాకా ఆగలేదు. మరుసటి నెల భాగంలో, కథలోనే, క్రూక్ చావు మీద విచారణ జరుగుతున్నచోట పాత గ్రంథాల్లోని సాక్ష్యాలు ఏకరువు పెట్టి జవాబిచ్చాడు. సైన్సు విషయంలో లూయిస్‌దే న్యాయం. కానీ నవల, విమర్శ నెల తిరిగేలోగా ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం ఎంత బాగుంది! అంతకు ముందు ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో మిస్ మౌచర్ అనే మరుగుజ్జు స్త్రీని డికెన్స్ జిత్తులమారిగా చూపాడు. ఆ రూపం చూసి అది తానేనని గుర్తుపట్టిన ఒక పొరుగావిడ మనసు చివుక్కుమని ఉత్తరం రాసింది. డికెన్స్ నొచ్చుకుని, తర్వాతి భాగాల్లో మౌచర్‌ను మంచి మనసున్న మనిషిగా మలిచాడు. పాత్ర అతుకులబొంతలా తయారైందని విమర్శకులంటారు, నిజమే. నాకు ఆ అతుకే గౌరవంగా కనబడుతుంది.

సంఘం పట్ల బాధ్యత కూడా పత్రిక పక్కపేజీలోంచే నవలలోకి నడిచొచ్చింది. డికెన్స్ నడిపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వెల రెండు పెన్నీలు. 1854 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా అందులో వారం వారం ‘హార్డ్ టైమ్స్’ వచ్చింది. అదే ఏప్రిల్‌లో అదే పత్రికలో హెన్రీ మోర్లీ వ్యాసం ఒకటి వేశారు. కంచె వెయ్యని యంత్రాల్లో చిక్కుకుని ఒళ్లు నలిగిపోయిన మిల్లు కార్మికుల గురించి. సీరియల్ కోసం పత్రిక కొన్నవాడి చేతిలోకి ఆ వ్యాసమూ వెళ్లింది. ‘హార్డ్ టైమ్స్’ ముగిసిన వెంటనే ఎలిజబెత్ గాస్కెల్ ‘నార్త్ అండ్ సౌత్’ అక్కడే మొదలైంది. ఆమె కథ నిదానంగా, కాలువ నీళ్లలా పారేది. వారానికి సరిపడేలా తుంచమని డికెన్స్ పోరు. చివర హడావిడిగా ముగించాల్సి వచ్చిందని ఆమె బాధపడి, పుస్తకంగా వేసేటప్పుడు ఆ భాగం పెంచి రాసుకుంది. ఈ తగాదాలో నేను గాస్కెల్ పక్షమే. కొన్ని గొంతులకు వారం చాలదు.

పని పట్ల ఆ తరం నిష్ఠ చెప్పాలంటే ఇద్దరి సంగతి చాలు. తపాలా శాఖలో పెద్ద ఉద్యోగం చేస్తూ 47 నవలలు రాసిన ఆంథొనీ ట్రోలప్, తెల్లవారుజామున గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. కాఫీ తెచ్చి లేపే నౌకరుకు ఏడాదికి ఐదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో ఇదంతా దాపరికం లేకుండా చెప్పినందుకు ఆయన కళాకారుడే కాదన్నారు. అలా అన్నవాళ్లు గడువుకు రాసినవాళ్లు కాదనుకుంటాను. ఇక 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర రైలు పట్టాలు తప్పి పదిమంది పోయారు. డికెన్స్ ఉన్న పెట్టె వంతెన అంచున వేలాడింది. తోటివాళ్లను దింపి, గాయపడినవాళ్లకు నీళ్లు పట్టి, ఆ తర్వాత అదే పెట్టెలోకి మళ్లీ ఎక్కి కోటు జేబులో ఉండిపోయిన ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ రాతప్రతి తెచ్చుకున్నాడు. అది తరువాయి భాగం.

ఇంటిల్లిపాదీ కూర్చుని వినే సాహిత్యం ఇంటిల్లిపాది ముందూ చదవదగినదై ఉండాలి. ఆ యుగం నీతి నియమాల్లో సగం ఇక్కడే ఉంది. అది ఎంత మందిని దగ్గరకు తీసిందో రచయితలను అంతగా పీడించింది. థామస్ హార్డీ ‘టెస్’ 1891లో ‘ది గ్రాఫిక్’ అనే వారపత్రికలో వచ్చింది. వాన నీళ్లు నిలిచిన దారిలో పాలు పితికే నలుగురు అమ్మాయిలను ఏంజెల్ క్లేర్ అనే యువకుడు ఒక్కొక్కరినీ ఎత్తుకుని దాటించే ఘట్టం అందులో ఉంది. మగవాడు ఆడపిల్లలను చేతులతో ఎత్తుకోవడం కుటుంబ పత్రికకు తగదన్నారు. అందుకని పత్రికలో ఏంజెల్ ఒక తోపుడుబండి తెచ్చి, అందులో వాళ్లను కూర్చోబెట్టి దాటించాడు. కథానాయిక టెస్ మానభంగానికి బదులు దొంగపెళ్లి ఒకటి కల్పించాల్సి వచ్చింది. చావబోతున్న పసిబిడ్డకు ఆమె తనే బాప్తిస్మం ఇచ్చే అధ్యాయం ఆ పత్రికలో అసలు లేదు, హార్డీ దాన్ని విడిగా వేరే పత్రికకు ఇచ్చుకున్నాడు. పుస్తకంగా వేసినప్పుడు ఈ ముక్కలన్నీ ఏరి, అతికి, ఎక్కడివక్కడ పెట్టాడు. తర్వాత ‘జూడ్’ సీరియల్‌కూ ఇదే గతి పట్టింది. 1895లో అది పుస్తకంగా అసలు రూపంలో వచ్చాక తిట్లు మరీ పెరిగాయి. హార్డీ ఆపైన కొత్త నవల మొదలుపెట్టలేదు. 1928లో పోయేదాకా కవిత్వం వైపే ఉండిపోయాడు.