చెట్టుకింద టర్బో

చలికాలం ఉదయం బండి స్టార్ట్ చేయగానే బానెట్ కింద నుంచి టిక్ టిక్‌మని గోడగడియారం లాంటి చప్పుడు. పది నిమిషాలు నడిపేసరికి ఆగిపోతుంది. తెలియనివాళ్లు హమ్మయ్య అనుకుంటారు. తెలిసినవాళ్లు ఇంజన్ చల్లారాక టార్చిలైటు పట్టుకుని, సిలిండర్ల పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ నల్లటి మసి చార కోసం వెతుకుతారు. లోహం చల్లగా ఉన్నంతసేపూ పగులు నోరు తెరుచుకుని ఉంటుంది, వేడెక్కి వ్యాకోచిస్తే మూసుకుంటుంది. చప్పుడు పోయింది కానీ జబ్బు పోలేదు.

అమెరికాలో పాత వోల్వో 740, 940 టర్బోలను ఇంకా ప్రేమగా నడుపుకుంటున్నవాళ్లలో చాలామంది ఈ జబ్బుకు ఇంటి ముందే వైద్యం చేసుకుంటారు. ఇలాంటివాళ్లను అక్కడ షేడ్ ట్రీ మెకానిక్ అంటారు. మన ‘చెట్టుకింద ప్లీడరు’లో ఉన్నంత వెక్కిరింపు అందులో లేదు, ఆ పేరును గర్వంగా చెప్పుకునేవాళ్లు బోలెడుమంది.

ఆ కార్లలో ఉండేది 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్. బ్లాకుకు ఎర్ర రంగు వేసేవారు కనుక అభిమానుల నోట దాని పేరు రెడ్‌బ్లాక్. పైన హెడ్డు అల్యూమినియం. దాని పక్కన బిగించే మానిఫోల్డ్ పోత ఇనుము. టర్బో బరువంతా దానికే వేలాడుతుంది. హెడ్డును నీళ్లు చల్లబరుస్తుంటాయి, మానిఫోల్డుకు ఆ భాగ్యం లేదు. 500 డిగ్రీలు వేడెక్కితే మూరెడు పోత ఇనుము రెండు మిల్లీమీటర్లకు పైనే సాగుతుంది. బండి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఆ లాగుడంతా భరించేవి దాన్ని హెడ్డుకు పట్టి ఉంచే సన్నటి స్టడ్లు. అవి విరగడం, మానిఫోల్డు పగలడం అందుకే. మామూలు ఇంజన్‌లో అయితే ఇది చప్పుడుతో పోతుంది. టర్బోలో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే చక్రాన్ని నడిపేదే మానిఫోల్డులోంచి వచ్చే పొగ కాబట్టి, దారిలో కారిపోయిన ప్రతి ఊపిరీ బండి సత్తువలోంచి పోయినట్టే.

మానిఫోల్డు మార్చే పనిలో బిగించడం సులువు. విద్యంతా విప్పడంలో ఉంది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో నట్టూ స్టడ్డూ తుప్పుతో ఒకటైపోతాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించి వదిలేస్తారు. మర్నాడు పానా వేశాక ముందు విప్పరు, వెంట్రుకవాసి బిగిస్తారు. తుప్పు పొర అక్కడ చిట్లుతుంది. తర్వాత పావు చుట్టు వెనక్కి, కాస్త ముందుకు, మళ్లీ వెనక్కి. నట్టు టక్కున వదిలితే సంతోషం. బంకలా సాగుతూ తిరుగుతోందంటే చెయ్యి ఆపేయాలి, తిరుగుతున్నది నట్టు కాదు, లోపల మెలిపడుతున్న స్టడ్డు. అప్పుడు నూనె శుభ్రంగా తుడిచేసి, పెట్రోలు గొట్టాలకు దూరంగా మంట చూపించి నట్టును మాత్రమే ఎర్రగా కాలుస్తారు. కాస్త చల్లారాక కొవ్వొత్తి ముక్క ఆనిస్తే కరిగిన మైనం మరల సందుల్లోకి జారుకుంటుంది. పాత కిటుకే గానీ చాలాసార్లు పనిచేస్తుంది.

అయినా విరిగిందా? కొస బయటికి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తారు. పట్టూ దొరుకుతుంది, వేడీ అందుతుంది. హెడ్డుతో సమంగా విరిగితే అసలు పరీక్ష. స్టడ్డు గట్టి ఉక్కు, చుట్టూ మెత్తటి అల్యూమినియం. డ్రిల్లు మెత్తని వైపే జారుతుంది. అందుకని పాత మానిఫోల్డునే తిరిగి ఆనించి, దాని రంధ్రంలో ఒక బుష్ దూర్చి, డ్రిల్లును అందులోంచి పంపిస్తారు. పారేయబోయే వస్తువే ఆఖరిసారి దారి చూపిస్తుంది. ఎడమవైపు తిరిగే డ్రిల్లు అయితే కోస్తూ కోస్తూనే స్టడ్డును బయటికి లాక్కురావచ్చు.

ఇక గ్యాస్కెట్లు. నాలుగు సిలిండర్లకు నాలుగు విడివిడి ముక్కలు, వాటి మీద ‘యూటీ’ అని రెండక్షరాలు. స్వీడిష్‌లో ఆ మాటకు ‘బయటికి’ అని అర్థం. ఆ ముఖం బయటివైపు ఉండాలి. నట్లు మధ్య నుంచి అంచులకు, ఒకేసారి కాకుండా విడతలుగా బిగించాలి. టర్బో తెరిచి ఉన్నంతసేపూ దాని నోట్లో గుడ్డ ఉండాల్సిందే. ఒక్క వాషరు లోపల పడితే చక్రం రెక్కలు పోతాయి. అంతా అయ్యాక ఇగ్నిషన్ కనెక్షన్ తీసేసి, నూనె టర్బో దాకా చేరేలా ఇంజన్‌ను ఊరికే తిప్పుతారు. టర్బో ఇరుసు తిరిగేది పలచటి నూనె పొర మీదే మరి.

పుస్తకాలు లేకపోలేదు. జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌తో మొదలుపెట్టిన మాన్యువళ్లు, కారును నిజంగా విప్పి బిగించి రాసినవి, ఎన్నో ఇళ్లలో మసి వేలిముద్రలతో కనిపిస్తాయి. బిగింపు ఎంతో అంకెల్లో చెబుతాయి. కానీ ఆ బంకతనం ఎలా ఉంటుందో ఏ పుస్తకం చెప్పగలదు? విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ పక్కన పానాలు అందిస్తూ నిలబడే కుర్రాడు నేర్చుకునేదీ అదే. డబ్బు ఆదా కోసమే ఈ పని చేస్తారనుకుంటే నేను ఒప్పుకోను. ఎక్కడ ఆగాలో చేతికి తెలియడం ఒక చదువు, అది పక్కన నిలబడితేనే అబ్బుతుంది.

మర్నాడు తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, బానెట్ ఎత్తి స్టార్ట్ చేస్తారు. లైటు పట్టుకున్న పిల్లవాడినీ మాట్లాడొద్దని సైగ చేసి, ఇద్దరూ చెవి ఒగ్గి వింటారు.