ట్యూబాకు దమ్ము ఒక్కటే చాలదు

ట్యూబాను చూసిన ఎవరికైనా ముందు వచ్చే సందేహం దమ్ము గురించే. చుట్టలు విప్పి కొలిస్తే మామూలు బి ఫ్లాట్ ట్యూబా గొట్టం దాదాపు 18 అడుగులు ఉంటుంది కాబట్టి ఆ సందేహం సహజమే. గాలి బాగానే ఖర్చవుతుంది, కాదనను. కానీ ఒత్తిడి పెద్దగా అక్కర్లేదు. సన్నాయి లెక్క దీనికి తలకిందులు: గాలి కొంచెమే పోతుంది, బిగువు మాత్రం ఎక్కువ. ట్యూబాకు మగవాడి రొమ్ము కావాలనే వాదన అయితే అసలు నిలవదు. 2006లో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా ప్రధాన ట్యూబా స్థానానికి ఎంపికైన కారల్ జాంచ్ అప్పటికింకా చదువుకుంటున్న అమ్మాయి.

అసలు చిక్కు పెదవులది, అంతకంటే ముందు చెవిది. సన్నాయిలో ఏ స్వరానికి ఏ రంధ్రం మూయాలో వేలికి తెలుస్తుంది. ట్యూబాలో ఒక్క మీట కూడా నొక్కకుండానే మంద్ర షడ్జం, పంచమం, పై షడ్జం, గాంధారం వరసగా పలుకుతాయి. వాటిలో ఏది పలకాలో తేల్చేది పెదవుల బిగువే. ఆ మంద్ర షడ్జానికి పెదవులు సెకనుకు సుమారు 58 సార్లు అదరాలి. స్వరం ముందే మనసులో మోగకపోతే పక్క మెట్టు పలుకుతుంది. పోనీ మీటలైనా ఆదుకుంటాయా అంటే అదీ లేదు. ఒకటి, మూడు కలిపి నొక్కితే స్వరం కాస్త హెచ్చుతుంది. నాలుగో మీట పెట్టడానికి అదొక కారణం. అయినా ఈ పెదవి విద్య ఓరుగల్లు సీమకు కొత్తదేం కాదు. మేడారం జాతరలో మోగే కొమ్ము బూరకు రంధ్రాలు లేవు, మీటలు లేవు. పలికే కొద్ది స్వరాలూ పెదవుల పుణ్యమే. 1835లో బెర్లిన్‌లో పేటెంటు పొందిన ట్యూబా అదే సూత్రానికి పొడవు పెంచి, మీటలు తగిలించింది.

మన సంగీతంలో శ్రుతి కదలదు, పాట కింద నడిచే మంద్ర వరస మన చెవికి అలవాటు లేదు, మరి నేర్చుకునేదెలా అని అడగవచ్చు. ఇది గట్టి అభ్యంతరమే, కానీ సగమే నిజం. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడక తెలుగువాళ్లు దశాబ్దాలుగా వింటున్నదే. కాకపోతే అందరూ కూనిరాగం తీసేది పల్లవిని, కింది వరసను కాదు. హనుమకొండలో ట్యూబా మీద మనసు పడినవారు ముందు ఆ కింది వరసను నోటితో పాడడం పట్టుకోవాలి. వాద్యం దొరకడం కష్టమంటారా, బ్యాండ్ మేళాల్లో కనిపించే యుఫోనియం ఉంది. గొట్టం సరిగ్గా సగం, స్థాయి ఒకటి పైన, మీటల వరస మాత్రం అదే.