శనివారం పొద్దుటి మైఖేల్

మా అసోసియేషన్ ఉగాది వేడుకకి పిల్లల నాటిక రాసే పని పన్నెండేళ్లుగా నాదే. న్యూజెర్సీలో నేను మనసుపెట్టి నేర్చుకున్న విద్య అదొక్కటే. ఈసారి కథ ఏదో పిల్లలే చెప్పారు. పదేళ్లకే పెద్ద స్టార్ అయిపోయిన అబ్బాయి కథ కావాలట. అభిమానులు, ఆటోగ్రాఫులు, నల్లద్దాల కారు అన్నీ కూర్చి రాసిచ్చాను. మొదటి రిహార్సల్లో ఒక్కరూ నవ్వలేదు. స్టార్ వేషం వేస్తున్న తొమ్మిదేళ్ల పాప కాగితాలు పక్కన పెట్టి, "అంకుల్, వీడు స్కూల్‌కి ఎప్పుడు వెళ్తాడు?" అని అడిగింది.

నా స్టార్ కథ ఎక్కడ తప్పిందో తెలుసుకుందామని ఆ రాత్రి 'ది జాక్సన్ ఫైవ్' కార్టూన్లు మళ్లీ ముందేసుకున్నాను. 1971 సెప్టెంబరు 11న, శనివారం పొద్దున, ఏబీసీ ఛానల్లో మొదలైన సీరియల్ అది. ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ నుంచి వచ్చిన అయిదుగురు అన్నదమ్ములు జాకీ, టిటో, జెర్మైన్, మార్లన్, మైఖేల్ అందులో కార్టూన్ బొమ్మలయ్యారు. ఆ రోజుకి మైఖేల్ జాక్సన్‌కి 13 ఏళ్లు నిండి 13 రోజులు. మోటౌన్ రికార్డుల సంస్థతో కలిసి రాంకిన్ బాస్ వాళ్లు తీశారు. రెండు సీజన్లు, 23 ఎపిసోడ్లు. బీటిల్స్ 'ఎల్లో సబ్‌మెరైన్' సినిమాకి యానిమేషన్ దర్శకుల్లో ఒకరైన రాబర్ట్ బాల్సర్ దీనికీ పనిచేశారు. ఆ రంగుల పొంగు చూస్తేనే తెలుస్తుంది.

నాకు పాఠమైంది మాత్రం రంగులు కాదు, ఎలుకలు. కార్టూన్ మైఖేల్‌కి రే, చార్లెస్ అని రెండు పెంపుడు ఎలుకలు, రోజీ అనే పాము ఉంటాయి. గాయకుడు రే చార్లెస్ పేరునే రెండు ముక్కలు చేసి ఎలుకలకి పెట్టారు. నవ్వు పుట్టేది పేరుప్రఖ్యాతుల్లోంచి కాదు, ఈ ఎలుకలు, పాము చేసే గొడవల్లోంచి. ఏ ఇంట్లో పిల్లాడైనా ఎలుకని దాచుకుంటే అమ్మకి తెలుస్తుందేమోనని భయపడతాడు. అది ప్రతి పిల్లకీ తెలిసిన భయం. అభిమానుల గుంపు ఎలా ఉంటుందో ఎంతమంది పిల్లలకి తెలుసు? పిల్లల హాస్యం రాసేవాడికి కీర్తి వెనకాలి తెర మాత్రమే. తెర ముందు చిన్న కోరిక, దానికొక చిన్న అడ్డంకి ఉండాలి. నా నాటికలో తెర తప్ప ఇంకేం లేదు.

ఇక గొంతుల సంగతి. ఎపిసోడ్‌లో వచ్చే పాటలు అన్నదమ్ములవే. మాటలు మాత్రం వాళ్లవి కావు. మైఖేల్‌కి మాటలు చెప్పింది డోనల్డ్ ఫులిలవ్ అనే అదే యీడు కుర్రాడు. మొదటి ఎపిసోడ్‌లో గాయని డయానా రాస్ తన గొంతు తనే ఇచ్చింది గానీ, కథానాయకుడు ఇవ్వలేదు. పాట పాడేది అసలు మైఖేల్, ఎలుకలతో ఆడుకునేది ఇంకొకడి గొంతు. 1993 ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రీ ఇంటర్వ్యూలో మైఖేల్ తన చిన్నతనం గురించి ఒక మాట చెప్పాడు. రికార్డింగ్ స్టూడియోకి ఎదురుగా ఒక పార్కు ఉండేదట. అక్కడ పిల్లలు ఆడుకుంటుంటే, తను లోపలికి వెళ్లి పనిచేయాలి గదా అని ఏడుపొచ్చేదట. అది విన్నాక ఈ కార్టూన్ నాకు మునుపటిలా కనిపించడం లేదు. దేశమంతా శనివారం పొద్దున చూసిన ఆ మామూలు బాల్యం, ఆ పిల్లాడికి లేనిదే.

మరో బాల నటుడు గ్యారీ కోల్‌మన్ పేరుతో 1982లో హానా బార్బెరా వాళ్లు తీసిన కార్టూన్‌లో ఆ అబ్బాయే గొంతిచ్చాడు. అయినా పెద్దయ్యాక తన సంపాదన విషయంలో తల్లిదండ్రుల మీదే 1989లో కోర్టుకెళ్లాల్సి వచ్చింది. బాల నటుల డబ్బుని కాపాడే కూగన్ చట్టం కాలిఫోర్నియాలో 1939 నుంచీ ఉంది. ఇంట్లో తల్లిదండ్రులు సంపాదన కోసం తీసే వీడియోల్లో పిల్లలు కనిపిస్తే, వాళ్ల వాటా విడిగా దాచాలని ఇల్లినాయ్ రాష్ట్రం చేసిన చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదటిది. మనకీ ఇది దూరపు సంగతి కాదు. నాలుగేళ్లకే కెమెరా ముందుకొచ్చిన శ్రీదేవిని బేబీ శ్రీదేవిగా ముద్దు చేసిన వాళ్లం. ఆ పాప బడి గురించి మనలో ఎవరం అడిగాం? మా నాటికలోని పాప అడిగింది.

డబ్బుని చట్టం దాస్తుంది. పోగొట్టుకున్న ఆదివారం సాయంత్రాన్ని ఏ చట్టం తెచ్చివ్వలేదు.

నాటిక మళ్లీ మొదటి నుంచి రాశాను. ఇప్పుడు కథంతా ఒక్క పొద్దున జరుగుతుంది. స్టార్ అబ్బాయికి పసుపుపచ్చ స్కూల్ బస్సు ఎక్కాలని ఉంటుంది. ఎక్కబోయేసరికి ఎవరో ఒకరు సెల్ఫీ అంటారు. చేతిలో లంచ్ బాక్స్, అందులో పెరుగన్నం, మాగాయ ముక్క. మూడుసార్లు బస్సు తప్పిపోతుంది. నాలుగోసారి డ్రైవరు వేషం వేసిన ఆరేళ్ల బుడ్డోడు హారన్ కొట్టి ఆగుతాడు. నిన్నటి రిహార్సల్లో అక్కడ పిల్లలు పడిపడి నవ్వారు.

ఉగాది నాడు హాలుకి వచ్చే అమ్మానాన్నలకి ఒక మనవి. నాటిక అయ్యేదాకా ఫోన్లు జేబుల్లోనే ఉంచండి, పిల్లల్ని కళ్లతో చూడండి. తర్వాత వీడియో ఎక్కడైనా పెట్టాలనిపిస్తే ముందు మీ పిల్లని అడగండి. వద్దంటే మానేయండి.