నవలాకన్యకయు నాయికాభేదమును

భానుదత్తుని రసమంజరి స్వీయను ముగ్ధ, మధ్య, ప్రౌఢ యని మూఁడు తెఱఁగులుగా విభజించి, ముగ్ధను మరల అజ్ఞాతయౌవన, జ్ఞాతయౌవన యని వేఱుపఱచినది. ఈ విభాగమునకు మూలము లజ్జామన్మథముల హెచ్చుతగ్గులు. అనఁగా కన్యక యెదుగుదలను గొలుచువాఁడు నాయకుఁడే. ప్రబంధనాయికకుఁ జాలిన యీ కొలత యిరువదవ శతాబ్దపు నవలలోని బాలికకుఁ జాలునా యనునది విచార్యము.

ఆంగ్లమున 1847లో వెలువడిన జేన్ ఐర్ పదియేండ్ల బాలికతో మొదలై యామె వివాహముతో ముగియును. ఆ నడిమి యేండ్లే నవల. తెలుఁగునాట నగ్రవర్ణముల బాలికకు నా నడిమి యేండ్లే కఱవు. బాలికల వివాహమునకుఁ బదునాలుగేండ్ల కనీసవయస్సు విధించిన శారదాచట్టము 1929లో నేర్పడి, 1930 ఏప్రిలునుండి యమలులోనికి వచ్చినది. బాల్యము ముగియకమున్నే కాపురము మొదలగుచోట కన్యకావికాసమును వర్ణింప నవలాకర్తకుఁ దావు లేదు.

ఆ తావు ఉన్నవ లక్ష్మీనారాయణగారికి మాలపల్లిలో (1922) దొరకినది. ఒంగోలు 1904 మొదలు 1970 వఱకు గుంటూరుమండలములోనిదే గావున నా నవలలోని బ్రతుకు ఈ సీమవారికి క్రొత్తది కాదు. ప్రత్తిచేలను, మిరపచేలను పనిచేయు పిల్లకు సగము కూలియు, నెదిగినదానికి నిండుకూలియు నిచ్చుట పూర్వపు వాడుక. అచ్చట వయస్సునకుఁ గొలత లజ్జ గాదు, పని. రామదాసు కూఁతురు జ్యోతి యట్టి లోకపు బాలిక. అన్న సంగదాసు హత్యయు, నింటిపైఁ బడిన కష్టపరంపరయు నామెను ముగ్ధగా నుండనీయవు. ఆమె నెదిగించినది ప్రేమ యొక్కటియే కాదు, దుఃఖము కూడ.

అయినను జ్యోతీ అప్పాదాసుల ప్రేమ మరణముతో ముగియును. కరుణరసపరిపోషణమని దీనిని మెచ్చుకొనవచ్చును. కాని 1922లోనే లక్ష్మీబాయమ్మగారితోఁ గూడి గుంటూరున శారదానికేతనమును స్థాపించి బాలికలకు విద్యనొసఁగిన చేయి, నవలలోని బాలికకు బ్రతుకు నొసఁగకుండుట గమనింపవలసినది. ఇది కవి నిర్దయ కాదు. ఎదిగిన జ్యోతి నిలువఁగల యిల్లు నాఁటి యూరిలో లేదను సత్యనివేదనము. పాత్రదృష్టితోఁ జూచిన మాత్రము కొఱంతయే: చావు ఆమె శీలమును జాటినది కాని, యామె బుద్ధి యే తీర్పు చెప్పెడిదో చదువరికిఁ దెలియకయే పోయినది.

చలముగారి మైదానములో (1927) రాజేశ్వరి తన కథను దానే చెప్పును. తీర్పును దానే చేయును. ప్లీడరు భార్యయైన యామె యిల్లు విడిచి అమీరుతో వెడలును. అయినను గృహమును విడిచినది కాని, నాయకుని కొలతను విడువలేదు. ఆమె సుఖదుఃఖములకుఁ బురుషుఁడే కేంద్రము. ఓల్గాగారి స్వేచ్ఛలో (1987) అరుణ ప్రేమించిన ప్రకాశమునే వివాహమాడి, పుట్టినింటి కట్టుబాట్లే రూపు మార్చుకొని వచ్చినట్లు గ్రహించి, తుదకు వెలికి వచ్చును. ఈ రాక మఱియొక పురుషుని కొఱకుఁ గాదు. ఆంగ్లనవల ముగిసిన వివాహమే యిచ్చట వికాసమున కారంభము.

కావున జ్యోతిని ముగ్ధయనియు, రాజేశ్వరిని ప్రౌఢయనియు బోధించుట శాస్త్రమునకును నవలకును గూడ నన్యాయము. రసమంజరి గణన మసత్యము గాదు. అది చూడని ప్రౌఢి యొకటి కలదు. తన మంచిచెడ్డలను దాను నిర్ణయించుకొనునపుడు కన్యక పెద్దదగును. ఆ గడియ జ్యోతికి దక్కలేదు, రాజేశ్వరికి సగము దక్కినది, అరుణకుఁ బెండ్లి యైన పిమ్మట దక్కినది. నవలాకన్యకల తారతమ్యము నెంచుటకు నిదియే సరియైన కొలత.