జీర గొంతు వెనకాల

ఏరోస్మిత్ పాటగాడు స్టీవెన్ టైలర్‌కి 2023 సెప్టెంబర్‌లో షో పాడుతూనే గొంతు పోయింది. స్వరపేటికే చిట్లిందని తేలింది. మొదట షోలు వాయిదా వేశారు. 2024 ఆగస్టు వచ్చేసరికి ఇక టూర్లే ఉండవని చెప్పేశారు. బాన్ జోవీ 2022లో చేయించుకున్న గొంతు ఆపరేషన్ కథ అతని మీద వచ్చిన డాక్యుమెంటరీలో పెద్ద భాగమే. రాక్ మీద రాసేవాళ్లకి గొంతు అంటే ఒంట్లో ఒక కండ. మనకి మాత్రం అది ‘ప్రజల గొంతుక’. దానికి దగ్గు రాదు, వాపు రాదు.

శ్రీరాంపూర్, నస్పూర్, గోదావరిఖని వైపు టూరింగ్ బ్యాండ్ అంటే జననాట్యమండలి, అరుణోదయ, 2002 తర్వాత ధూంధాం జట్లు. వీళ్ల పాటల మీద మన దగ్గర బోలెడు వ్యాసాలున్నాయి. మాండలికం, ప్రతీకలు, బాణీ మూలాలు అన్నీ చర్చించాం. పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకున్నాడన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. నాకైతే ఈ పాటల నిర్మాణమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

గద్దర్‌నే తీసుకోండి. గోచీ, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఎగురుతూ పాడాలి. ఎగిరే ఒంటికి ఊపిరి గబగబా కావాలి, పాటకేమో అది నెమ్మదిగా వదలాలి. రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. అందుకే చరణాల్లో పాదాలు పొట్టిగా ఉంటాయి. అందుకే పాదం చివర్న కోరస్ అందుకుంటుంది. పుస్తకంలో అచ్చేసినప్పుడు ‘అదే మాట మళ్లీ మళ్లీ’ అని మనం విసుక్కునే చోటు, మైదానంలో అతను ఊపిరి పీల్చుకునే చోటు. బుర్రకథలో వంతలూ ఇదే పని చేస్తారు, కథకుడికి రెండు క్షణాల విరామం సంపాదించి పెడతారు. దీన్ని పునరుక్తి దోషం అనేవాళ్లు ఒక్కసారి గజ్జెలు కట్టుకుని పది నిమిషాలు పాడి చూడాలి.

ఆ పైన చప్పుడు. పక్కన రోత ఉంటే మనకు తెలీకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచి డాక్టరు లోంబార్డ్ వందేళ్ల కిందటే గమనించిన సంగతి ఇది. బాయిలో మిషన్ల మధ్య పనిచేసి బయటికొచ్చినోళ్లు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడటం శ్రీరాంపూర్‌లో ఎవరికీ వింత కాదు. డప్పుల పక్కన పాడేవాళ్లదీ అదే అవస్థ. రాక్ పాటగాడి చెవిలో ఇప్పుడు చిన్న మానిటర్ ఉంటుంది, తన గొంతు తనకు వినిపిస్తుంది. అరువు మైకుతో, జనం ముందుకు తిప్పిన హారన్ల వెనకాల పాడేవాళ్లకి ఆ వసతి లేదు. వినపడకపోతే ఇంకా అరుస్తారు.

ఆడవాళ్లకి ఇది ఇంకో రకం. మామూలు మాటలోనే ఆడ గొంతులో స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. పాటలో ఇంకా ఎక్కువ. తెరిపి లేకుండా గంట పాడితే ఏడు లక్షలు దాటుతుంది. విమలక్క ఇన్నేళ్లుగా ఊరూరా పాడుతున్నారని రాసినప్పుడు ‘అలుపెరగని’ అనేస్తాం. అలుపు ఎరగకుండా ఎట్లుంటుంది?

మన విమర్శలో నాకు అసలు నచ్చని మాట ‘జీర’. గొంతు బొంగురుపోతే ‘మట్టి జీర’ అని మురిసిపోతాం. కొందరికి అది పుట్టుకతో వచ్చిందే కావచ్చు, సాధన కావచ్చు. కొందరికి మాత్రం అది రాపిడితో కాయ కాసిన తంత్రి. చేతికి కాయలు కాస్తే శ్రమ అంటాం, గొంతుకు కాస్తే సౌందర్యం అంటున్నాం.

1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా వెన్ను దగ్గరే ఉండిపోయింది. 2023 ఆగస్టులో చనిపోయేదాకా దాంతోనే పాడాడు. ఆ తూటా మనకి గొప్ప ప్రతీక అయింది. వెన్నులో ఇనుము పెట్టుకుని నడుం వంచి ఎగిరితే నొప్పి ఎట్లా ఉంటుంది, దాన్ని తప్పించుకోవడానికి అతని ఆట ఎక్కడెక్కడ మారింది? 1990కి ముందు ఆటనీ తెలంగాణ ఉద్యమం నాటి ఆటనీ పక్కపక్కన పెట్టి చూసిన వ్యాసం నా కంటపడలేదు. వీడియోలు కొన్నయినా ఉన్నాయి, ఓపికే లేదు.

అరుణోదయ రామారావు 2019లో గుండెపోటుతో పోయారు. సాయిచంద్ 2023 జూన్‌లో, 39 ఏళ్లకే, గుండెపోటుతోనే. పాట వల్లే పోయారని అనను, అట్లా అనడం అబద్ధం. కానీ ఇద్దరికీ రాసిన నివాళుల్లో రాత్రి ప్రయాణాలు, వేళకు లేని తిండి, నిద్ర త్యాగాల పద్దులోకి వెళ్లాయి, పని పరిస్థితుల పద్దులోకి రాలేదు.

శ్రీరాంపూర్‌లో ‘అన్‌ఫిట్’ అన్న మాట తెలియని ఇల్లుండదు. బాయి పనికి ఒళ్లు సహకరించకపోతే మెడికల్ బోర్డు ముందుకు పోతారు, అది కాగితం ఇస్తే కొడుక్కో బిడ్డకో కొలువు అడగొచ్చు. ఆ బోర్డు మీద కార్మికులకు వంద ఫిర్యాదులున్నాయి, అయినా బోర్డంటూ ఒకటుంది. అదే కాలనీ గ్రౌండులో ధూంధాం పాడి, మర్నాడు మాట పెగలక వేడినీళ్లు పుక్కిలిస్తూ ఇంకో ఊరికి జీపెక్కే కుర్రాడి గొంతును ఎవరూ పరీక్షించరు. ఆ రోజు అతను పై స్థాయి అందుకోలేక పాదాన్ని సగంలో వదిలేస్తాడు, కోరస్ లాక్కుపోతుంది, జనం గమనించరు.