‘కవర్’ అనే తీర్పు: పాల్ మెకార్ట్నీ వ్యాఖ్య – హరణ మీమాంస

2021 అక్టోబరులో ‘న్యూయార్కర్’ పత్రిక ప్రచురించిన ఒక దీర్ఘవ్యాసంలో బీటిల్స్ గాయకుడు, రచయిత పాల్ మెకార్ట్నీ రోలింగ్ స్టోన్స్‌ను ‘బ్లూస్ కవర్ బ్యాండ్’గా పేర్కొన్నారు. ఈ మాట అనవచ్చునో లేదోనన్న సంకోచాన్ని ప్రకటిస్తూనే, తమ బృందం వల మరింత విశాలంగా విసిరిందని చేర్చారు. అప్పటికి ఆయన వయస్సు 79. రెండు బృందాలూ 1960వ దశకపు ఆరంభంలో ఇంగ్లండులో పుట్టి పోటీపడినవి కనుక దీనిని పాత స్పర్ధగానే తీసుకోవడం సులభం. కాని ఈ వ్యాఖ్యలో విమర్శశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న ఒకటుంది: పరకృతిని గ్రహించి పాడేవాడి ప్రతిభను ఏ ప్రమాణంతో నిర్ణయించాలి? ఆ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వర్ణన, తీర్పు

ఇతరులు ముందే రికార్డు చేసిన పాటను తిరిగి పాడి రికార్డు చేయడాన్ని ‘కవర్’ అంటారు. వర్ణనగా మెకార్ట్నీ మాటలో కొంత నిజం ఉంది. ఆఫ్రికన్ అమెరికన్ల బ్లూస్ సంప్రదాయమే స్టోన్స్‌కు పుట్టిల్లు; బృందం పేరు సైతం మడ్డీ వాటర్స్ పాట నుంచి వచ్చింది. 1964 నాటి వారి తొలి ఆల్బంలో అధికభాగం ఇతరుల పాటలే. 2016లో వెలువడిన ‘బ్లూ అండ్ లోన్‌సమ్’ పూర్తిగా పాత బ్లూస్ పాటల సంపుటి.

అయితే బీటిల్స్ తొలి ఆల్బంలోని 14 పాటలలో 6 ఇతరులవి. పైగా 1963లో స్టోన్స్ విడుదల చేసిన రెండవ సింగిల్ లెనన్, మెకార్ట్నీలు రాసి ఇచ్చినదే. కాబట్టి గ్రహణం ఇద్దరికీ సమానం, భేదం పరిమాణంలోనే. 1960వ దశకం మధ్యనుండి స్టోన్స్ పాటలలో అధికభాగం జాగర్, రిచర్డ్స్‌ల సొంత రచనలే. ఈ విషయం మెకార్ట్నీకి తెలియనిది కాదు. అందువల్ల ఆయన ‘కవర్’ అన్న పదాన్ని వర్ణనగా కాక తీర్పుగా వాడారని గ్రహించాలి. మన కావ్యావతారికలలోని కుకవినింద నిందితుల గురించి చెప్పేదానికన్నా నిందించిన కవి ఆదర్శాన్నే ఎక్కువగా తెలుపుతుంది. ఈ వ్యాఖ్య కూడా అటువంటిదే. రచనలో నవ్యత, రీతులలో వైవిధ్యం మెకార్ట్నీ ఆదర్శాలు.

హరణ భేదాలు

రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో పరకీయార్థ గ్రహణాన్ని ఒకే గాటన కట్టలేదు. ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం, పరపురప్రవేశసదృశం అని విభజించాడు. మొదటిది ఉన్నదానికి నీడ వంటిది. రెండవదానిలో స్వల్ప సంస్కారంతో వస్తువు వేరైనట్లు తోస్తుంది. మూడవదానిలో వస్తుభేదం ఉన్నా అతిసాదృశ్యం వల్ల అభేదబుద్ధి కలుగుతుంది. నాలుగవదానిలో మూలం ఒకటే అయినా పరికరబంధం బహుదూరంగా ఉంటుంది.

ఈ విభాగం స్టోన్స్ పాటలకు అన్వయిస్తుంది. రాబర్ట్ జాన్సన్ 1937లో రికార్డు చేసిన ‘లవ్ ఇన్ వెయిన్’ను 1969లో వారు కొత్త స్వరసంపుటులు చేర్చి, కంట్రీ సంగీతపు ఛాయతో పాడారు. ఇది ఆలేఖ్యప్రఖ్యం. అదే ఆల్బంలోని ‘మిడ్‌నైట్ రాంబ్లర్’ బ్లూస్ మూలం మీదనే నిలిచినా, లయవేగం మారుతూ అనేక ఖండాలుగా సాగుతుంది. ఇది పరపురప్రవేశం. ఈ రెండింటినీ ‘కవర్’ అన్న ఒక్క మాట కిందికి తేవడం విమర్శ కాదు.

రచన, ప్రయోగం

2020లో ఇటువంటి వ్యాఖ్యకే జవాబిస్తూ మిక్ జాగర్, తమది దశాబ్దాలుగా వేదికలపై నిలిచిన బృందమని గుర్తుచేశారు. బీటిల్స్ 1966లోనే కచేరీ యాత్రలు మానుకున్నారు. ఒకరిది రచనా ప్రమాణం, మరొకరిది ప్రయోగ ప్రమాణం. ప్రమాణాలే భిన్నమైనపుడు వాదానికి నిర్ణయం లేదు. నిజానికి సంగీత నైపుణ్యం ఇద్దరి మాటలలోనూ చర్చకు రాలేదు. రిచర్డ్స్ గిటారుకు అయిదు తంత్రులే ఉంచి వాటిని ప్రత్యేకంగా శ్రుతి చేసుకున్న పద్ధతి, చార్లీ వాట్స్ డ్రమ్స్ వాదనంలోని నిగ్రహం వంటివి పరిశీలించనిదే ఆ నైపుణ్యంపై తీర్పు చెల్లదు. 2023లో స్టోన్స్ ఆల్బంలోని ఒక పాటకు మెకార్ట్నీయే బేస్ గిటారు వాయించారు. ఆయన ఆచరణ ఆయన మాటకన్నా ఉదారమైనది.

తెలుగు విమర్శకు వర్తింపు

మూలం పరాయిదైతే కృతి తక్కువదన్న కొలమానాన్ని మనవైపు తిప్పితే కవిత్రయ భారతమే మొదట తూకంలో పడుతుంది. పురాణయుగాన్ని అనువాదంగా, ప్రబంధయుగాన్ని స్వతంత్రంగా చదివే అలవాటు మనకూ ఉంది. ప్రవరుని కథకు మూలం మార్కండేయ పురాణం. దానిని పెద్దనకు ముందే మారన తెనిగించాడు. మూలం ఒకటే అయినా మారన కృతిని అనువాదమనీ ‘మనుచరిత్ర’ను ప్రబంధమనీ అంటున్నాము. ఆ భేదానికి కారణం మూలం కాదు, పరికరబంధమే. పెద్దనను మూలంతో కొలవని మనం నన్నయ తిక్కనలను మాత్రం మూలంతో కొలవడం న్యాయం కాదు.

గ్రహీత తాను గ్రహించినదానిని ఏమి చేశాడన్నదే విమర్శకు విషయం. దానితోపాటు ఎవరి నుండి గ్రహించాడన్న ఋణవిచారం కూడా అవసరమే. 1965లో స్టోన్స్ ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమంలో బ్లూస్ గాయకుడు హౌలిన్ ఉల్ఫ్ పాల్గొనాలని పట్టుబట్టి, ఆయనను తమతోపాటు వేదికపైకి తెచ్చారు. మూలకర్తను ఇలా ముందు నిలిపిన గ్రహణాన్ని ‘కవర్’ అన్న పదం చెప్పలేదు. ‘అనువాదం’ అన్న పదంతో మనం ఏమేమి చెప్పలేకపోతున్నామో పరిశీలించడం తెలుగు పరిశోధన చేయవలసిన పని.